ఎషోవే వెళ్తున్న చిన్నారికి

చిన్నారీ,

నువ్వు దక్షిణాఫ్రికాలోని ఎషోవేలో లెక్కల టీచరుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఎంత గర్వంగా అనిపించిందో, రాత్రి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఆ ఊళ్ళో పాఠాలు చెప్పినదాన్ని కదా.

సర్టిఫికెట్లు రెండేసి కాపీలు పెట్టుకో. జూన్, జూలైల్లో అక్కడ చలికాలం, స్వెటర్ మర్చిపోకు. డర్బన్ నుంచి చీకటి పడ్డాక మాత్రం బయల్దేరొద్దు. గింగిండ్లోవు అనే ఊరు దాటి కొండెక్కేటప్పుడు పొగమంచు దిగిందంటే ముందు వెళ్ళే చెరకు లారీ కూడా కనపడదు, పైగా రోడ్డుకి అడ్డంగా ఆవులు. ఎవరెంత తొందరపెట్టినా పగలే వెళ్ళు. వింటున్నావా?

ఇక అసలు సంగతి. ఆ ఊరి పేరుకి రెండు కథలు చెప్తారు. అక్కడి డ్లింజా అడవిలో చెట్ల మధ్య గాలి చేసే చప్పుడే ఎషోవే అయిందని ఒకటి, షోంగ్వే అనే మొక్క వల్ల వచ్చిందని ఇంకోటి. అది మన జిల్లేడు కుటుంబానిదే, తుంచితే పాలు కారతాయి. మాతో పనిచేసిన ఒకాయన క్లాసులో గాలి కథ ఒక్కటే బోర్డు మీద రాసి, ఇదే కరెక్టన్నాడు. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, మా గోగో, అంటే వాళ్ళ నానమ్మ, మొక్క పేరని చెప్పింది సార్ అంది. మీ గోగోకేం తెలుసు, కూర్చో అన్నాడు. ఆ పిల్ల మర్నాడు ఆ మొక్కనే న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చింది, కాగితమంతా పాల మరకలు. ఆయన తలెత్తకుండానే కిటికీలో పెట్టమన్నాడు. ఆ తర్వాత లెక్క వచ్చినా ఆ పిల్ల చెయ్యెత్తలేదు. నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

1879 యుద్ధంలో అక్కడి జులూ జాతివాళ్ళు ఇంగ్లీషు సైన్యాన్ని రెండు నెలలకు పైగా దిగ్బంధం చేసిన ఊరమ్మా అది. వాళ్ళ రాజు సెట్ష్వాయో 1884లో చనిపోయిందీ అక్కడే. బయటివాళ్ళొచ్చి తమ సంగతి తమకే చెప్పడం ఆ ఊరు చాలా చూసింది. నువ్వు అడుగు, చెప్పకు. ఎవరు ఎదురైనా పని సంగతి ఎత్తకముందే "సావుబోనా" అను, అది జులూలో మన నమస్కారం లాంటిది, నలుగురుంటే "సానిబోనానీ". ఎలా ఉన్నావని అడిగితే నడుస్తూ కాదు, ఆగి జవాబివ్వు.

పుట్టినప్పటి నుంచీ నీకు తొందరెక్కువ, అందుకే ఇంత సతాయిస్తున్నా. టికెట్ తేదీ మీ నాన్నకి ఇంకా చెప్పలేదట, ఇవాళే చెప్పు. డర్బన్‌లో ఎన్నింటికి దిగుతావో నాకు రాయి. మధ్యాహ్నం దాటేట్టుంటే ఆ రాత్రికి అక్కడే ఉందువుగాని, తెలిసినవాళ్ళతో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ