ఆకు రాల్చిన టేకును చూసి గడ్డపార ఎత్తకు

చిరంజీవి సూర్యానికి,

పెదనాన్న ఆశీస్సులు. గట్టు మీది టేకు మొక్కలు మోడైపోయాయనీ, పీకేసి వేరేవి పెడతాననీ రాశావు. తొందరపడకు. వేప చెట్టు ఒకవైపు ఆకు రాలుస్తూనే ఉగాదికల్లా చిగురుస్తుంది. టేకు అలా కాదు, తొలకరి దాకా నెలల తరబడి బోసిగానే ఉంటుంది. దాని తీరే అంత.

ముందు కొమ్మను బొటనవేలి గోటితో సన్నగా గీరి చూడు. పైపొర కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే, పచ్చదనం తగిలేదాకా కిందికి గీరుతూ రా.

చాలామంది పట్టించుకోని గుర్తు ఇంకొకటుంది. ఎండాకులు రాలకుండా కొమ్మకే వేలాడుతుంటే ఆ కొమ్మను అనుమానించు. ఆకు రాల్చడం బతికున్న చెట్టు చేసే పని. నేలలో తడి తగ్గేసరికి ఆకులోని నత్రజని లాంటి పోషకాలను కొమ్మలోకి లాక్కుంటుంది. తొడిమ మొదట్లో పలచని పొర కట్టి ఆకును తెంపుకుంటుంది, తెగిన చోటును బెరడులాంటి పొరతో మూసేస్తుంది. రాలినచోట నున్నటి మచ్చ కనపడుతుంది చూడు. హఠాత్తుగా చచ్చిన కొమ్మకు ఆ పొర కట్టే శక్తి ఉండదు, అందుకే ఆకు ఊడిరాదు.

వానాకాలంలో ఆకు పోతే మాత్రం అది పురుగు పని. జూన్, జూలైల్లో లేతాకును పెద్ద ఈనెలు మిగిల్చి తినేసేది ఒకటి, ఆ తర్వాత ఆకును జల్లెడలా చేసేది మరొకటి. చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది. కాకపోతే ఆ ఏటి ఎదుగుదల దెబ్బతింటుంది. చిన్న మొక్కలైతే 5 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్ల నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి పిచికారీ చెయ్యి.

మోడుగా ఉన్నప్పుడు యూరియా వెయ్యకు, ఆకే లేని చెట్టు దాన్ని వాడుకోలేదు. మొదటి రెండు వేసవులూ 10, 15 రోజులకోసారి తడి ఇస్తే చాలు. నల్లరేగడిలో నీళ్లు నిలబెట్టావంటే వేళ్లకు గాలాడక కుళ్లిపోతాయి.

పక్క కొమ్మలు కొట్టడానికి ఇదే అదను. ఎత్తులో కింది మూడో వంతు వరకే కొట్టు. మాను పక్కన కొమ్మ మొండి మిగలకూడదు, మాను బెరడు చీలకూడదు. రాలిన ఆకును మొదళ్లలోనే ఉంచు, కానీ తోట చుట్టూ 3 మీటర్ల వెడల్పున ఊడ్చెయ్యి. టేకాకు అంటుకుందంటే ఆపడం కష్టం, లేత మొక్కల బెరడు ఆ సెగకే మాడిపోతుంది.

పైన ఎండి మొదట్లో పచ్చగా ఉన్నవాటిని తొలకరి ముందు నేలమట్టానికి కోసెయ్యి. పిలకలు నాలుగైదు వస్తాయి. జానెడు ఎత్తు కాగానే బలమైనదొకటి ఉంచి మిగతావి గిల్లెయ్యి. ఈ పని మరిస్తే మాను ఎప్పటికీ తిన్నగా రాదు.

మృగశిర కార్తెలో చిగురు వస్తుంది. లేతాకును వేళ్ల మధ్య నలిపితే ఎర్రరంగు అంటుతుంది, అది టేకే అని గుర్తు. అప్పటికీ మొదలు దాకా పొడిగానే ఉన్నవాటిని లెక్కపెట్టి రాయి. వాటి చోట వేలి లావు, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్న స్టంపులు, అంటే పై కాండం, పక్క వేళ్లు కోసేసిన వేరు ముక్కలు, పెడదాం. గడ్డపారతో గుంత పొడిచి, మెడ, అంటే వేరూ కాండమూ కలిసే చోటు, నేలమట్టానికి ఉండేలా దించి, గాలి మిగలకుండా చుట్టూ మట్టిని మడమతో తొక్కాలి.

ఇట్లు,
పెదనాన్న