పిలక అదే, ఆకు వేరు

ప్రశ్న: తెనాలిలో మా అమ్మ పెరట్లో ఉన్న కరివేపాకు చెట్టు పిలకను రెండేళ్ల క్రితం హైదరాబాద్ తెచ్చి బాల్కనీలో కుండీలో పెట్టాను. అక్కడి ఆకు చిన్నగా, గట్టిగా ఉంటుంది. ఇక్కడేమో వెడల్పుగా, పల్చగా వస్తోంది. జాతి మారిపోయింది, పీకేయమంటున్నారు పక్క ఫ్లాట్ ఆవిడ. నిజమేనా సార్?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పీకకండమ్మా! గింజ మొలకైతే తల్లి పోలిక తప్పిందేమో అనుకోవచ్చు. మీది వేరు నుంచి లేచిన పిలక. అంటే మీ అమ్మగారి చెట్టులో ముక్కే. బాల్కనీకి ఎండ ఏ పూట తగులుతుందో మీరు రాయలేదు గానీ, ఆకు తీరు చూస్తే నీడే ఎక్కువనిపిస్తోంది. వెలుతురు చాలని చోట మొక్క ఉన్న సరుకునే పల్చగా, వెడల్పుగా పరుస్తుంది. ఎండలో వెలుతురుకు కొదవ లేదు, టెన్షనంతా నీటి గురించే. అందుకే అక్కడ చిన్న ఆకు, మందం ఆకు.

ఒకే చెట్టులోనూ ఈ తేడా ఉంటుంది. నేను బోటనీ పాఠాలు చెప్పే రోజుల్లో, మామిడి చెట్టు పైకొమ్మ ఆకుల్నీ, లోపలి నీడ ఆకుల్నీ పిల్లలతో కోయించి, కాగితాలకు చిల్లులు పెట్టే పంచింగ్ మెషీన్‌తో వందేసి బిళ్లలు కొట్టించి, ఆరబెట్టి, కంసాలి త్రాసులో తూయించేవాణ్ణి. బిళ్ల సైజు ఒకటే అయినా పైకొమ్మవే ఎక్కువ తూగేవి. (మెషీన్ పాడైందని గుమస్తాగారు పెట్టిన చీవాట్లు వేరే కథ.)

వయసుతోనూ ఆకు మారుతుంది. టేకు మొక్కకు విస్తరంత ఆకులు వస్తాయి, చెట్టయ్యాక అంతంత రావు. ఇంకా పెద్ద కాలం లెక్కా ఉంది. వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లో 200 ఏళ్లుగా ఎండబెట్టి దాచిన చెట్ల ఆకుల్ని పరీక్షించి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన ఆ కాలంలో ఆకు మీద అంతే జాగాలో ఉండే సూక్ష్మ రంధ్రాల సంఖ్య సుమారు 40 శాతం తగ్గిందని 1987లో ప్రకటించాడు.

ఇక మీ కుండీ సంగతి. ముదిరిన ఆకు మళ్లీ మందం కాదు, కొత్తగా వేసే రెబ్బలే మారతాయి. అలాగని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలోకి లాగితే ఉన్న ఆకులు మాడతాయి. ముందు రోజుకో గంట పొద్దుటెండ చూపించి, మెల్లగా పెంచండి. కొత్త రెబ్బ వేశాక తెనాలి రెబ్బ పక్కన పెట్టి చూసి, ఏమైందో రాయండి. ఈసారి ఎండ ఏ పూట వస్తుందో మాత్రం మర్చిపోకండి.