కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు, మరి ముందు అదే ఎందుకు?

మీ ప్రశ్న: రక్తంలో పొటాషియం గుండెకు ప్రమాదమయ్యేంతగా 7.2కి పెరిగిన రోగికి కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చాక మళ్లీ పరీక్షిస్తే అంతే ఉంది, మందు పని చేయలేదా అని.

పని చేసింది. మీరు చూడవలసింది ల్యాబ్ కాగితం కాదు, ఈసీజీ. పొటాషియం ఎక్కువైతే ఆ గీతలో కనిపించే మార్పులు, అంటే గుడారంలా నిక్కిన టీ తరంగాలు, వెడల్పయిన క్యూఆర్ఎస్ (గుండె కింది గదులు కొట్టుకునే గుర్తు), కొద్ది నిమిషాల్లో సర్దుకుంటాయి. కాల్షియం గుండె కణాల పొరను స్థిరపరుస్తుంది, అంతే. ఆ రక్షణ అరగంట నుంచి గంట వరకే.

ఆ వ్యవధిలోనే పొటాషియాన్ని కణాల్లోకి నెట్టాలి: 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, దానితో 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు. తర్వాత కొన్ని గంటలు షుగర్ పడిపోతుందేమో చూస్తూనే ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ కూడా తోడవుతుంది. అయితే ఇదంతా సరుకును వీధిలోంచి గదిలోకి మార్చడమే. ఊరు దాటించేది డయాలసిస్, మూత్రం వస్తుంటే ఫ్యూరోసెమైడ్, పేగుల్లో పొటాషియాన్ని పట్టే మందులు.

ఇక పొటాషియం పెరగడానికి కారణం. విశాఖలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఉద్దానం నుంచి డయాలసిస్‌కు వచ్చే ఒక పెద్దాయన కాళ్లు కదలడం లేదన్నారు; అదీ పొటాషియం పనే. ఏం తిన్నారని ఎంత అడిగినా "ఏమీ లేదు బాబూ" అన్నారు. ఏం తాగారని అడిగాకే తెలిసింది: ఎండకు తాళలేక దారిలో రెండు కొబ్బరి బోండాలు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. కొబ్బరితోటల మనిషికి అది నీళ్లతో సమానం, తిండి కిందికి రాదు! అందుకే మీ రోగిని కూడా ఏం తాగారో విడిగా అడగండి.