పక్కింటి తురాయి చెట్టు గురించి అమ్మలుకి

చి. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పక్కింటి అజ్జి వాళ్ల తురాయి చెట్టుకి జబ్బు చేసిందని, గోడ దాటి మీ డాబా మీదకి వచ్చిన కొమ్మలన్నీ ఆదివారం కొట్టించేస్తానన్నావు. కొమ్మలు కొట్టే మనిషిని రావద్దని ఈ రోజే చెప్పేయ్.

ఇక్కడే బెంగళూరు జయనగర్‌లో మా పాత ఇంటి పక్కన కూడా ఇలాంటి తురాయి చెట్టే ఉండేది. మా వైపు కొమ్మలు మా ఇష్టం అనుకుని మీ పెదనాన్నా నేనూ పక్కవాళ్లు ఊళ్లో లేని రోజు గోడకి సమంగా కొట్టించేశాం. బరువంతా అవతలి వైపే మిగిలింది. ఆ ఏడు మే నెల గాలివానకి చెట్టు కూకటివేళ్లతో లేచి వాళ్ల వంటింటి మీద పడింది. ఆ సమయానికి వంటింట్లో ఎవరూ లేరు. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, కానీ ఇల్లు అమ్ముకుని వెళ్లేదాకా మా గడప తొక్కలేదు. 18 ఏళ్లయింది, ఇప్పటికీ తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

అందుకే ముందు చెట్టుకి నిజంగా జబ్బుందో లేదో చూడు. ఈ నెలల్లో తురాయి ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది, అది దాని స్వభావం. చిన్న రెమ్మని గోటితో గీరు. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. చెట్టంతా బోడిగా ఉండి ఎక్కడో ఒక్క గుబురు మాత్రం పచ్చగా కనిపిస్తే అది బదనిక, అంటే కొమ్మ మీద పెరిగి చెట్టు రసం తాగే మొక్క. అది పట్టిన కొమ్మ వరకు తీయిస్తే సరిపోతుంది. బెరడు మీద చెదలు మట్టి కట్టినంత మాత్రాన కంగారుపడి మందులు పోయకు, అవి ఎక్కువగా ఎండిన బెరడునే తింటాయి. తొర్ర ఉన్నా భయం లేదు, చుట్టూ గట్టి చెక్క మిగిలి ఉంటే చెట్టు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

నిజంగా భయపడాల్సినవి చెట్టు మొదలు దగ్గర ఉంటాయి. కాండానికి అంటుకుని బల్లచెక్కలా గట్టిగా ఉండే పుట్టగొడుగులు కనిపిస్తే లోపల వేరో, మొదలో కుళ్లుతోందన్నమాట. పైన నిండా ఆకు ఉన్నా ఆ చెట్టుని నమ్మకూడదు. చెట్టు వాలిన వైపుకి ఎదురు వైపున నేల పగిలి పైకి లేస్తోందా, రెండు పెద్ద కొమ్మలు చీలే చోట నెర్రె ఉందా అని కూడా చూడు. ఒకే చోట నిలబడి వారానికోసారి ఫోటో తియ్యి, తేదీ రాసిపెట్టుకో. నేల లేస్తుంటే మాత్రం ఆగొద్దు, ఆ గోడ పక్క గదిలో పడుకోవడం మానేయండి, కారు తీసి వేరేచోట పెట్టండి.

ఇంకో మాట, నీకు నచ్చకపోవచ్చు. మీ సంపు ఎక్కడ తవ్వారు? ఆ గోడ పక్కనే కదా? చెట్టుకి నీళ్లు తాగే వేళ్లు చాలావరకు పైమట్టిలోనే, కొమ్మల నీడ దాటి దూరం దాకా పాకుతాయి. మీ తవ్వకంలో అవి తెగి ఉంటే ఆ జబ్బులో మీ వంతు కూడా ఉంది. బిల్డర్‌ని అడుగు. నిజమైతే అజ్జికి ఆ సంగతి ముందు నువ్వే చెప్పు, ఖర్చులో సగం మేం పెట్టుకుంటామను. వాళ్ల వైపు స్కూటర్ల కోసం మొదలు దాకా సిమెంటు పోశారన్నావు. దాన్ని ఒక గజం మేర పగలగొట్టిస్తే వేళ్లకి గాలీ నీళ్లూ అందుతాయి.

అజ్జి దగ్గరకి సాయంత్రం పూట నువ్వొక్కదానివే వెళ్లు. మీ ఆయన వచ్చి లాయర్ నోటీసు మాట ఎత్తితే ఆవిడ తలుపు మూసేస్తుంది. వచ్చీరాని కన్నడమైనా సరే కన్నడంలోనే మాట్లాడు. వాళ్లాయన బతికుండగా నాటుకున్న చెట్టు, మొదటి రోజే ‘కొట్టేద్దాం’ అనకు. చెయ్యి పట్టుకుని మొదలు దగ్గరకి తీసుకెళ్లి చూపించు. జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఫారెస్ట్రీ విభాగం ఉంది, చెట్ల సంగతి తెలిసినవాళ్లతో ఒకసారి చూపిద్దామా అని అడుగు.

ఇక చట్టం. మన వైపు కొమ్మలు మనం కొట్టుకోవచ్చని అందరూ అంటారు. కానీ ఇక్కడ 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం సొంత స్థలంలో చెట్లకి కూడా వర్తిస్తుంది. దాని ప్రకారం చెట్టు కొట్టడమంటే మొదలు నరకడం ఒక్కటే కాదు, కొమ్మలు నరకడం, మందు పెట్టి చంపడం కూడా. ఆ చట్టం కింద నియమించిన ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. ఎండిపోయిన, జబ్బు చేసిన, ప్రాణానికో ఆస్తికో ప్రమాదమైన చెట్టుకి అనుమతి నిరాకరించకూడదని అదే చట్టం చెబుతోంది. బెంగళూరు నగరపాలిక బీబీఎంపీ పోయి 2025లో ఐదు కార్పొరేషన్లయ్యాయి కాబట్టి మీది దేని కిందకి వస్తుందో కనుక్కో. అర్జీ మీద అజ్జి సంతకం ఉంటే పని సులువు. ఆవిడ ఎంతకీ ఒప్పుకోక, చెట్టు పడిపోయేలా ఉంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. అందులో పడబోయే చెట్టు గురించి ప్రత్యేకంగా ఉంది. అక్కడిదాకా వెళ్లకుండానే తేలాలని నా కోరిక.

అనుమతి వచ్చాక ఏప్రిల్ వానలు పడకముందే పని ముగించండి. కరెంటు తీగలు దగ్గరగా ఉంటే కరెంటు వాళ్ల హెల్ప్‌లైన్ 1912కి ఫోన్ చేసి లైను ఆపించాకే మనిషిని ఎక్కించు. పెద్ద కొమ్మని ముందు కింది వైపు నుంచి కాస్త కోసి, తర్వాత పై నుంచి కొయ్యమను. లేకపోతే కొమ్మ కూలుతూ బెరడుని కింది దాకా చీల్చుకుపోతుంది. కొమ్మ కాండాన్ని కలిసే చోట ఉబ్బెత్తుగా ఉండే కట్టుని ముట్టుకోకుండా దాని అంచున కొయ్యాలి, అప్పుడే గాయం మానుతుంది. తల మొత్తం బోడి చేయనివ్వకు, తర్వాత వచ్చే చిగుళ్లకి పట్టు ఉండదు. ఒక్క వైపే ఎందుకు కొట్టకూడదో నీకు చెప్పనక్కర్లేదు.

శనివారం పొద్దున్నే మెట్రోలో వస్తాను. ఇద్దరం మీ డాబా మీద నుంచి చూసి, తర్వాత అజ్జి దగ్గరకి వెళ్దువుగాని. నేను మీ ఇంట్లోనే ఉంటాను.

మీ పెద్దమ్మ