బేస్‌బాల్ జట్టులో వేసవి పని సరే, మేజర్ మార్చడం మాత్రం వద్దు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నాడు. ఎఫ్-1 వీసా. వచ్చే వేసవికి ఆ ఊరి బేస్‌బాల్ జట్టులో ఇంటర్న్‌గా చేరతానంటున్నాడు. జీతం లేదట, డిగ్రీ లెక్కలో కలిసే క్రెడిట్లు వస్తాయట. ఆడేవాళ్లు కూడా కాలేజీ పిల్లలేనట. పైగా ఈ పిచ్చిలో పడి మేజర్‌ని, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుని, స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌కి మార్చుకుంటానని మొదలుపెట్టాడు. మా బావమరిది కొడుకు సియాటెల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ చేసి బాగానే సంపాదించాడు. మేం లోన్ తీసుకుని పంపించాం. వద్దని గట్టిగా చెప్పమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. కానీ మీరు అడిగినవి రెండు వేర్వేరు విషయాలు. ఇంటర్న్‌షిప్‌కి సరేననండి, మేజర్ మార్పుకి వద్దనండి. ఒకదాని మీద కోపం రెండో దాని మీద చూపిస్తే పిల్లవాడు రెండూ పట్టుకు కూర్చుంటాడు.

ముందు ఈ జట్ల సంగతి. కాలేజీ సీజన్ అయిపోయాక వేసవిలో ఆడే లీగులు అమెరికాలో చాలా ఉన్నాయి. విస్కాన్సిన్, మిన్నెసోటా చుట్టుపక్కల ఊళ్లలో పెద్దది నార్త్‌వుడ్స్ లీగ్, 1994లో మొదలైంది. మే ఆఖరు నుంచి ఆగస్టు దాకా ఒక్కో జట్టు 72 ఆటలు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఆటే, మధ్యలో గంటల తరబడి బస్సు ప్రయాణాలు. ఆటగాళ్లకు జీతం ఉండదు, కాలేజీ ఆటకు అర్హత పోకూడదు కాబట్టి. ఊరివాళ్లే తమ ఇళ్లలో గది ఇచ్చి, తిండి పెట్టి చూసుకుంటారు. కాలేజీలో లోహపు బ్యాటు, ఇక్కడ కొయ్య బ్యాటు. ప్రొఫెషనల్ ఆటలోనూ కొయ్య బ్యాటే కాబట్టి, కుర్రాడు దాంతో ఎలా కొడతాడో చూడటానికి స్కౌట్లు, అంటే పెద్ద జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు, ఈ చిన్న ఊళ్లకు వస్తారు. మ్యాక్స్ షెర్జర్, క్రిస్ సేల్ లాంటి పెద్ద పిచర్లు (బంతి విసిరేవాళ్లు) కాలేజీ రోజుల్లో ఈ లీగులోని లా క్రాస్ ఊరి జట్టుకు ఆడినవాళ్లే. కాబట్టి ఇదేదో గల్లీ ఆట అనుకోకండి.

మరి డబ్బు ఎక్కడి నుంచి? టికెట్లు, బీరు, హాట్‌డాగ్‌లు, మైదానం చుట్టూ గోడ మీద ఊరి దుకాణాల ప్రకటనలు. సాయంత్రం స్టేడియం మన దగ్గర తిరునాళ్లలా ఉంటుంది, ఆట చూసేవాళ్లకంటే పిల్లల్ని తిప్పడానికి వచ్చినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మ్యాడిసన్ జట్టుకు కొన్ని సీజన్లలో ఆటకు సగటున ఆరు వేల మందికి పైగా వచ్చారు. ఇంత సందడినీ నడిపించే ఆఫీసులో ఏడాది పొడవునా ఉండే ఉద్యోగులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. మిగతా పనంతా వేసవి ఇంటర్న్‌ల నెత్తిన పడుతుంది.

నా అసలు భయం ఇక్కడే. ఇంటర్న్ అంటే టికెట్లు చింపడం, ఇన్నింగ్స్ మధ్య టీషర్టులు విసరడం, మస్కట్ వేషం (జట్టు గుర్తుగా ఉండే బొమ్మ వేషం) వేసుకుని ఎండలో గెంతడం కూడా కావచ్చు. వాన మొదలైతే ఎవరి పని వాళ్లు వదిలేసి పరుగెత్తాలి. మైదానం మధ్యభాగం మీద కప్పే టార్పాలిన్ పెద్ద గొట్టానికి చుట్టి ఉంటుంది, పదిహేను మంది కలిసి దాన్ని దొర్లించి, అంచులు పట్టుకుని లాగాలి, గాలి కిందికి దూరితే మనుషుల్ని కూడా ఈడ్చుకుపోతుంది. అదంతా సరదాగానే ఉంటుంది. రెజ్యూమేలో మాత్రం ఒక్క లైను కూడా రాదు.

అందుకే మొదటి షరతు: పని ఏమిటో ఆఫర్ లెటర్‌లో రాసి ఉండాలి. మీవాడు అడగాల్సింది డేటా, వీడియో పని. ఒక ఆటలో ఇంచుమించు 300 బంతులు పడతాయి. ప్రతి బంతికీ రకం, వేగం, ఎక్కడ పడింది, బ్యాటర్ ఏం చేశాడు అన్నది నమోదు చేయాలి. సొంత మైదానంలో 36 ఆటలంటే సీజన్ చివరికి పది వేల వరసలు దాటిన డేటా. దాన్ని శుభ్రం చేసి, డేటాబేస్‌లో పెట్టి, కోచ్ అడిగినదానికి ఆ రాత్రే జవాబు చెప్పగలిగితే అది నిజమైన పని. నన్నడిగితే ఒక ప్రాజెక్టు కూడా చెబుతాను: ఈ బ్యాటర్ల కాలేజీ గణాంకాలు బహిరంగంగానే దొరుకుతాయి, వాటిని వేసవి గణాంకాలతో పోల్చి, లోహపు బ్యాటు నుంచి కొయ్య బ్యాటుకు మారినప్పుడు ఎవరు నిలబడ్డారు, ఎవరు తేలిపోయారు చూడమనండి. జట్టు అనుమతి తీసుకుని గిట్‌హబ్‌లో (ప్రోగ్రామర్లు తమ కోడ్ నలుగురికీ చూపించే సైట్) పెడితే సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో కూడా పది నిమిషాలు మాట్లాడటానికి సరిపోతుంది.

రెండో షరతు వీసా. ఇది జీతం కంటే ముఖ్యం. "డబ్బులే ఇవ్వట్లేదు, ఇక పర్మిషన్ ఎందుకు?" అనుకుని చేరిపోయే పిల్లలు ఉన్నారు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసినా అది ఉద్యోగం కిందికి రావచ్చు. అనుమతి లేకుండా చేస్తే స్టేటస్‌కే ఎసరు. చదువుకు సంబంధించిన ఇంటర్న్‌షిప్ కాబట్టి సీపీటీ, అంటే చదువులో భాగంగా పని చేసే అనుమతి, తీసుకోవాలి. ఒక పూర్తి విద్యా సంవత్సరం ముగిస్తే అర్హత వస్తుంది, మీవాడికి ఆ ఇబ్బంది లేదు. పని మేజర్‌కు సంబంధించినదై ఉండాలి, యజమాని పేరు, తేదీలతో కొత్త ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతికి వచ్చాకే మొదటి రోజు పనికి వెళ్లాలి. చూశారా, మస్కట్ వేషానికి కంప్యూటర్ సైన్స్ సీపీటీ రాదు! ఆఫర్ లెటర్‌లో డేటా పని రాసి ఉండాలన్నది ఇందుకు కూడా. ఫుల్‌టైమ్ సీపీటీ మొత్తం 12 నెలలు నిండితే తర్వాత ఓపీటీ (డిగ్రీ అయ్యాక పని చేసుకునే అనుమతి) పోతుంది, మూడు నెలల వేసవితో ఆ భయం లేదు. తుది మాట మాత్రం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుదే.

ఖర్చు కూడా కూర్చుని లెక్కేయండి. "జీతం లేదు" అంటే సున్నా అనుకోవద్దు. వేసవి క్రెడిట్లకు చాలా యూనివర్సిటీలు విడిగా ఫీజు కట్టించుకుంటాయి. పైన మూడు నెలల అద్దె, తిండి. ఆట అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది, చిన్న ఊళ్లో ఆ వేళకు బస్సు దొరకడం కష్టం. కారు ఉన్న రూమ్మేటో, నడిచి వెళ్లగలిగే గదో చూసుకోవాలి. ఇవన్నీ కలిపితే వచ్చే అంకె మీకు భారమైతే, ఆ మాట సిగ్గుపడకుండా అబ్బాయికి చెప్పండి. ఇంకో మాట, వాడి చేతిలో జీతమిచ్చే సాఫ్ట్‌వేర్ ఆఫర్ ఇప్పటికే ఉంటే అదే తీసుకోమంటాను. లేకపోతే మాత్రం సియాటెల్ కుర్రాడితో పోలిక మానేయండి. రెండో ఏడాదిలో పెద్ద కంపెనీల తలుపులు అందరికీ తెరుచుకోవు, వేసవంతా గదిలో కూర్చుని అప్లికేషన్లు పెట్టుకోవడం కంటే ఇది చాలా నయం.

ఇక మేజర్. డిగ్రీ అయ్యాక ఓపీటీ 12 నెలలు. స్టెమ్ డిగ్రీ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) అయితే మరో 24 నెలల పొడిగింపు. స్పోర్ట్ మేనేజ్‌మెంట్ సాధారణంగా ఆ జాబితాలో రాదు. ఐ-20 మీద మేజర్ పక్కన ఒక కోడ్ ఉంటుంది, లెక్కలోకి వచ్చేది అదే. లోన్ తీసుకుని పంపిన కుటుంబానికి ఆ రెండేళ్లు చిన్న విషయం కాదు. ఇక చిన్న ఊరి జట్టు హెచ్-1బీ ఉద్యోగ వీసాకు దరఖాస్తు పెడుతుందని ఆశ పెట్టుకోవడం దండగ. ఆ ఆఫీసులో అంత మంది ఉద్యోగులే ఉండరని పైన చెప్పాను కదా.

ఆట మీద ఇష్టం ఉంటే దానికి కూడా కంప్యూటర్ సైన్సే దగ్గరి దారి. బేస్‌బాల్‌లో అన్నిటికంటే పెద్దదైన మేజర్ లీగ్‌లోని 30 జట్లకూ ఇప్పుడు డేటా విభాగాలు ఉన్నాయి, వాళ్ల ఉద్యోగ ప్రకటనల్లో అడిగేది ఎస్‌క్యూఎల్, పైథాన్, ఆర్ అనే కంప్యూటర్ భాషలు. పోటీ విపరీతం, జీతం టెక్ కంపెనీలంత ఉండదు, అది కూడా వాడికి తెలియాలి. క్రికెట్‌లోనూ అమెరికాలో 2023 నుంచి మేజర్ లీగ్ క్రికెట్ నడుస్తోంది. అందులో సియాటెల్ జట్టులో మన సత్య నాదెళ్ల, జీఎంఆర్ గ్రూప్ పెట్టుబడి పెట్టారు. బంతి బంతికీ డేటా రాయడం నేర్చినవాడికి ఆ ఆటలో కూడా పని అర్థమవుతుంది. సరదా తీరకపోతే స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌ని మైనర్‌గా, అంటే పక్క సబ్జెక్టుగా, తీసుకోమనండి, మేజర్ కదలదు.

ఈ వారంలో అబ్బాయితో ఫోన్‌లో మాట్లాడి మూడు మెయిళ్లు పంపించమనండి. జట్టు ఆఫీసుకు: నా పని ఏమిటో, వారానికి ఎన్ని గంటలో రాసివ్వండి, గంటకు ఇంతని గానీ మొత్తంగా గానీ ఏమైనా ఇవ్వగలరా? జీతమిచ్చే జట్లు కూడా ఉన్నాయి, అడిగితే పోయేదేమీ లేదు. డిపార్ట్‌మెంట్‌కు: ఈ పనికి క్రెడిట్ ఇస్తారా, ఫీజు ఎంత? ఇంటర్నేషనల్ ఆఫీసుకు: సీపీటీకి ఎన్ని రోజులు పడుతుంది? సీజన్ మే ఆఖరుకే మొదలవుతుంది కాబట్టి మార్చి దాటనివ్వకండి.