అడుగు పెట్టెలో పాట బావిలోంచి వస్తోంది!

ప్రశ్న: మెకానిక్ గారూ, నాలుగంగుళాల ఫుల్‌రేంజ్ స్పీకర్లు రెండు కొన్నాను. ఇల్లు కట్టగా మిగిలిన టేకుతో మా వడ్రంగి రెండు పెట్టెలు చేసిచ్చాడు. లోపల అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి గానీ, పాట పెడితే గాయకుడు బావిలో కూర్చుని పాడుతున్నట్టుంది. స్పీకర్లు మార్చమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: స్పీకర్ల జోలికి వెళ్లకండి, తప్పు పెట్టెది. ఎదురెదురు పలకల మధ్య అడుగు దూరం ఉంటే, శబ్దం అటూ ఇటూ తగిలి సుమారు 565 హెర్ట్జ్ దగ్గర మోగుతూ ఉండిపోతుంది. మూడు కొలతలూ వేరైతే మూడు మోతలూ తలో చోట పడతాయి. మీ పెట్టెలో మూడూ ఒక్కచోటే పేరుకున్నాయి. అదీ మనిషి గొంతులో అచ్చులు పలికే చోట! స్పీకర్‌లో ఊగే గరాటు, అదే కోన్, పలచటి కాగితం కదా, లోపలి మోత దాన్ని దాటుకుని బయటికొస్తుంది. బావి గొంతు అదే.

మరి ఎంత పెట్టె కావాలి? అది వడ్రంగి చెప్పేది కాదు, స్పీకరే చెప్పాలి. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లోనూ, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ ఈ లెక్కను ఒక దారికి తెచ్చారు. మీ స్పీకర్‌తో వచ్చిన కాగితంలో ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని మూడంకెలు ఉంటాయి, చూడండి. ఎఫ్‌ఎస్ అంటే కోన్ తనంతట తాను ఊగే పౌనఃపున్యం. క్యూటీఎస్ ఆ ఊపుకి ఎంత కళ్లెం ఉందో చెబుతుంది, అంకె పెరిగితే కళ్లెం తగ్గినట్టు. కోన్ అంచుల బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుతో సమానమో చెప్పేది వీఏఎస్.

కాగితాన్ని పూర్తిగా నమ్మను నేను. ముందు స్పీకర్‌ని ఓ రెండు రోజులు మోగనివ్వండి, అంచులు సాగుతాయి. తర్వాత దాన్ని తాడుతో గాల్లో వేలాడదీసి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా ఆంప్లిఫయర్‌కి కలపండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, స్పీకర్ రెండు టెర్మినళ్ల మీద ఆనించండి. ఫోన్‌లో టోన్ వినిపించే యాప్ ఏదైనా సరే, 40 హెర్ట్జ్ నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ రండి. మీటర్ పెరుగుతూ పెరుగుతూ ఒకచోట శిఖరం చేరి, మళ్లీ పడిపోతుంది. ఆ శిఖరమే ఎఫ్‌ఎస్. ఇక ప్లైవుడ్ ముక్కలతో సరిగ్గా 5 లీటర్ల తాత్కాలిక పెట్టె చేసి, అంచుల చుట్టూ చపాతీ పిండి ముద్ద ఒత్తి గాలి పోకుండా చేసి, మళ్లీ అదే పరీక్ష పెట్టండి. గాల్లో 80 ఉన్నది పెట్టెలో 129 అయిందనుకోండి. 129ని 80తో భాగించి వర్గం చేసి 1 తీసేసి 5తో గుణిస్తే 8 లీటర్లు వస్తుంది. వీఏఎస్ అంత, కాస్త అటూ ఇటూగా. ఈ పిండి ముద్ద వాడినందుకు ఇంట్లో మాట పడితే నా పూచీ లేదు.

క్యూటీఎస్ 0.5 అనుకుందాం. మూసిన పెట్టెలో అది 0.707 అయితే మోత లేకుండా బేస్ నిండుగా ఉంటుంది. 0.707ని 0.5తో భాగిస్తే 1.414, దాని వర్గం 2, ఒకటి తీసేస్తే 1. వీఏఎస్‌ను దాంతో భాగించండి, 8 లీటర్లు! మీ పెట్టె 28 లీటర్లు. అంత గాలి కోన్‌కి స్ప్రింగులా అడ్డు నిలవదు, వాల్యూమ్ పెంచితే కోన్ అదుపు తప్పి ఊగుతుంది. 8 లీటర్లలో బేస్ 113 హెర్ట్జ్ దగ్గర్నుంచి తగ్గుతూ పోతుంది. నాలుగంగుళాల స్పీకర్‌ని అంతకుమించి అడగడం అన్యాయం. మృదంగం తొప్పి (ఎడమ వైపు మూత) దెబ్బ వినిపిస్తుంది గానీ, గుండెకి తగలదు.

టేకు పారేయక్కర్లేదు. లోపల 14 సెం.మీ. వెడల్పు, 19 లోతు, 30 ఎత్తు పెట్టుకోండి. దాదాపు 8 లీటర్లే అవుతుంది, మీ పలకల్లోంచే కోయొచ్చు. స్పీకర్ కంత వెనక అంచుని మాత్రం ఆకురాయితో 45 డిగ్రీలు ఏటవాలుగా రాకించండి. ముప్పాతిక అంగుళం మందం పలకలో చిన్న స్పీకర్ కూర్చుంటే కోన్ వెనక సొరంగంలా ఉంటుంది, ఊపిరాడదు. ఇది చాలామంది వడ్రంగులు చేయరు, మనమే దగ్గరుండి చేయించుకోవాలి. లోపల దిండు పాలిస్టర్ వదులుగా నింపండి. బూరుగు దూది కూడా పనిచేస్తుంది గానీ కొన్నాళ్లకి అడుక్కి దిగిపోతుంది.

పెట్టె సన్నంగా ఉంటే సుమారు 650 హెర్ట్జ్ దిగువన శబ్దం వెనక్కి కూడా పాకిపోతుంది, గొంతు పలచబడుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ అయితే 1 మిల్లీహెన్రీ కాయిల్, 4.7 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపి, ఆ జతని స్పీకర్‌కి సీరీస్‌లో పెట్టి వినండి. నచ్చకపోతే తీసేయండి.

ఇక వైర్లు. కొత్తలో నేనొక జత చేసి, బేస్ లేదని వారం రోజులు పెట్టెల్ని తిట్టుకున్నాను. చూస్తే ఒకదాని ప్లస్, మైనస్ తారుమారు! ఒకటిన్నర వోల్టుల సెల్ ప్లస్‌ని ప్లస్ వైరుకి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. రెండు కోన్‌లూ బయటికే దూకాలి.

ప్రశ్న: మా నాన్న టేప్‌రికార్డర్ స్పీకర్‌ని కొత్త కుండ మూతికి బిగించి పెట్టేవారు. ఊరంతా వచ్చి వినేది. అది నిజంగా గొప్పదేనా, మా భ్రమా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: భ్రమ కాదమ్మా. విడిగా ఉన్న స్పీకర్ ముందు శబ్దాన్ని వెనక శబ్దమే మింగేస్తుంది. కుండ ఆ వెనక శబ్దాన్ని బంధిస్తుంది. పైగా కుండకి ఎదురెదురు చదును గోడలు లేవు, మట్టి గట్టిది, అదరదు. తణుకు వారి టేకు కంటే ఆ లెక్కన మీ నాన్నగారి కుండే మేలు! కాకపోతే ఆనాటి చిన్న అయస్కాంతం స్పీకర్లకు కళ్లెం తక్కువ. మూసిన కుండలో అది ఇంకా తగ్గి, ఒకే స్వరం దగ్గర గుబగుబమనేది. దాన్నే మనం బేస్ అని మురిసిపోయాం. నేనూ మురిశాను.

ప్రశ్న: పదిలీటర్ల పెట్టెకి వెనక పైపు పెడితే బేస్ పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: క్యూటీఎస్ 0.4 లోపు ఉంటే పెట్టండి, పైన ఉంటే వద్దు. 5 సెం.మీ. లోవ్యాసం, 10 సెం.మీ. పొడవు ఉన్న పీవీసీ పైపు పదిలీటర్ల పెట్టెని సుమారు 65 హెర్ట్జ్‌కి శ్రుతి చేస్తుంది. పైపు మూతికి దోమల జాలి అంటించడం మరవకండి. గరగరమంటోందని ఒకాయన నా కొట్టుకు తెచ్చిన పెట్టెలోంచి రెండు బల్లిగుడ్లు, ఒక ఎండు బొద్దింక తీశాను.