టెక్సాస్‌లో అబార్షన్ నిషేధం వచ్చాక గైనిక్ డాక్టర్ల పని ఎలా ఉంది?

మీ చెల్లెలు డాలస్‌లో గైనిక్ రెసిడెన్సీలో (హాస్పిటల్లో పనిచేస్తూ చేసే స్పెషలిస్టు ట్రైనింగ్‌లో) చేరబోతోందనీ, నిషేధం ఉన్నచోట డాక్టర్లు ఎలా పనిచేస్తున్నారో చెప్పమనీ అడిగారు. గుంటూరులో ఎంబీబీఎస్ చదివాను. పన్నెండేళ్లుగా టెక్సాస్‌లో కాన్పులు చేస్తున్నాను.

2022 ఆగస్టు 25 నుంచి ఇక్కడ తల్లి ప్రాణానికో, శరీరంలో ఏదైనా ముఖ్యమైన పనితీరుకో తీవ్రమైన ముప్పు ఉంటే తప్ప అబార్షన్ చేయకూడదు. చేస్తే డాక్టరుకు 99 ఏళ్ల దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు కూడా పోతుంది. ఎంత ముదిరితే అది ముప్పు అవుతుందో మాత్రం అప్పట్లో మాకెవరూ తేల్చి చెప్పలేదు.

ఆ ఏడాది చివర్లో ఒక తెలుగమ్మాయి వచ్చింది. పద్దెనిమిదో వారం. ఉమ్మనీరు మొత్తం పోయింది. బిడ్డ దక్కే ఆశ దాదాపు లేదు, కానీ గుండె కొట్టుకుంటోంది. హాస్పిటల్ లాయరు ఆగమన్నారు. ఇలాంటి కేసుకే నేను ఇండియాలో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ఇద్దరు డాక్టర్ల సంతకాలు, ఆమె సంతకం తీసుకుని ఆ పూటే మొదలుపెట్టేవాళ్లం.

వీడియో కాల్‌లో వాళ్లమ్మ అడిగింది: "డాక్టరమ్మా, బిడ్డ దక్కదని నువ్వే అంటున్నావు. మరి మా పిల్లని ఎందుకమ్మా ఇట్లా పడుకోబెట్టారు?" నాకు నోట మాట రాలేదు.

నాలుగు గంటలకోసారి టెంపరేచర్ చూశాం. 98.9. 99.4. జ్వరం రాకూడదని దేవుణ్ని వేడుకుంటున్నాను, కానీ జ్వరం వస్తేనే నేను చేయి వేయగలను. రెండో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా చలి, వణుకు. 101.8. అప్పుడు కూడా లాయరు ఫోన్లో సరే అనేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆమె నా చెయ్యి వదల్లేదు. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బతికింది. మొదటి రోజే మొదలుపెట్టి ఉంటే ఆమెకి బహుశా ఐసీయూ అవసరం పడేది కాదు.

ఇప్పుడు కొంత నయం. ఉమ్మనీరు ఇలా ముందే పోయిన కేసుల్లో డాక్టరు కోర్టులో చెప్పుకోవడానికి 2023 సెప్టెంబరు నుంచి ఒక రక్షణ ఉంది. ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగనక్కర్లేదని 2025లో చట్టంలోనే స్పష్టం చేశారు. శిక్షలు మాత్రం తగ్గించలేదు కాబట్టి భయం పోలేదు.

మీ చెల్లెలికి కొన్ని మాటలు చెప్పండి. ట్యూబులో గర్భం వచ్చిన కేసుకి చికిత్స చేయడం ఇక్కడి చట్టం ప్రకారం అబార్షన్ కాదు. అలాంటి కేసు వస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. రెండోది, ప్రతి టెంపరేచరూ, ప్రతి పల్సూ, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేసిందీ టైముతో సహా అప్పటికప్పుడే రాసిపెట్టుకోవాలి. అబార్షన్ ట్రైనింగ్ కోసం రెసిడెంట్లను వేరే రాష్ట్రానికి పంపుతున్నారేమో చేరకముందే అడగమనండి. రాత్రిపూట ఒంటరిగా ఇలాంటి కేసు చూడాల్సి వస్తే సీనియర్‌ని లేపమనండి. విసుక్కున్నా సరే, లేపమనండి.